తోడికోడలి టర్బో

చేతి రోడ్డు ఆఫీసు వారి పరుగుల పుస్తకం
పర్మిట్ నం. 63. పేరు: మందాకిని. వయసు: 47.
సాక్షి: వకుళ, తోడికోడలు. పర్మిట్ నం. 64.

పరుగు 1
అంకె 7.1. పద్నాలుగో కిలోమీటరు.
కారణం: ఘాట్ మొదటి మలుపు బాగా తిరిగింది.
సాక్షి: వకుళ. (అక్క మలుపు అక్కదే మేడమ్, దాన్నెవరూ తీసుకోలేరు.)

వెనక పేజీ, ఆఫీసుకు మాత్రమే:
జుబేదా మేడమ్, వెనక పేజీ ఎవరూ రాయరని, నేనొక్కదాన్నే నింపుతానని పోయిన పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారు. చూశాను. ముందు పేజీలో కారణం గడి అగ్గిపెట్టంత ఉంటుంది, పైగా దాన్ని సాక్షి చదివి సంతకం పెట్టాలి. ఇదైతే మడిచి జిగురు పెట్టి అంటించేస్తాను, మీరొక్కరే విప్పుతారు. నాకు మాట్లాడటానికి ఎవరో ఒకరు కావాలి కదా.

పొద్దున్నే మిద్దె మీద సోలార్ పలకల దుమ్ము తుడిచి, ఉగ్గాని చేసి మా ఆయన సుదర్శనానికి పెట్టి, ఏడింటికల్లా గేటు దగ్గర ఉన్నాను. వారంలో ఆరు రోజులు ఎక్కడికి పోవాలన్నా తానుబండి గుమ్మం ముందుకొస్తుంది, ఎక్కి కూర్చుంటే అదే తీసుకుపోతుంది. ఆదివారం పూట ఈ నలభై రెండు కిలోమీటర్ల పాత హైవే మీద మాత్రం స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది. మా నాన్న వదిలిపోయిన ఎర్ర బండి, జొన్న దంటు స్పిరిట్‌తో నడుస్తుంది, వెనక నిలబడితే కల్లంగడి వాసన. దాన్ని రెండో గేర్లో వేసి ఘాట్ మొదటి మలుపులోకి తిప్పి, మధ్యలో కాలు నొక్కితే టర్బో సన్నగా ఈల వేసి బండిని ముందుకు తోస్తుంది. సంతోషం ఎక్కడ ఎక్కువైతే అక్కడ పదికి ఇంత అని అంకె కట్టే మీ చేతి కడియం నాకు ఎప్పుడూ అక్కడే కడుతుంది. పన్నెండేళ్ళుగా నా సంతోషమంతా ఆ పద్నాలుగో కిలోమీటరులో ఉంది.

ఇక అసలు సంగతి. వకుళ పుస్తకానికి నేను సాక్షిని కదా. ఈ రోజు ఆమె అంకె 9.2. ముప్పై ఒకటో కిలోమీటరు. కారణం గడిలో రాసింది: "కొత్త టర్బో వేయించాను. పెద్దది."

సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ ఉన్నంత అందంగా లేదు, గమనించే ఉంటారు.

పరుగు 2
అంకె 6.4. పద్నాలుగో కిలోమీటరు.
కారణం: మలుపు.
సాక్షి: వకుళ.

వెనక పేజీ:
వకుళకు ఈ రోజు 9.4. మేడమ్, ఆ పిల్లకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది నేను. ఏడేళ్ళ కిందట మా మరిదిని చేసుకుని ఇంటికొచ్చినప్పుడు క్లచ్ అంటే ఏమిటో తెలియదు. మీ గేటు దగ్గరే బండిని పదకొండు సార్లు ఆపేసింది. నేను పక్క సీట్లో కూర్చుని ఓపిగ్గా "మళ్ళీ వేయి, మళ్ళీ వేయి" అన్నాను. ఇప్పుడు నాకంటే మూడు అంకెలు పైన ఉంది. నాకు కుళ్ళుగా ఉంది. ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఒకే కాంపౌండులో రెండు వాటాలు మావి. సాయంత్రం పెరట్లో మిరపకాయలు ఆరబోస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ముప్పై ఒకటి కాడ తిన్నగా రోడ్డు వస్తాది సూడు, ఆడ కాలు పెడితే మొదలు ఏమీ ఉండదు. ఒకటి, రెండు, మూడు అనుకునేలోపల ఒక్కపారిగా వీపు సీటుకు అంటుకునిపోతాది. నాకైతే నవ్వు ఆగల్యా."

"పడిపోతావు ఎక్కడన్నా" అన్నాను.

"నువ్వు నేర్పినావు గదా, ఏంటికి పడతా" అంది.

ఆ మాటకు మురిసిపోవాల్సింది. ఒళ్ళు మండింది.

పరుగు 3
అంకె 5.9. ముప్పై ఎనిమిదో కిలోమీటరు.
కారణం: గాలి చల్లగా ఉంది.
సాక్షి: వకుళ. (ముప్పై ఎనిమిదా? అక్కకు మలుపు మీద అలక వచ్చినట్టుంది.)

వెనక పేజీ:
ఆరు దాటలేదు. మూడు నెలల్లో పన్నెండు పరుగులు, సగటు ఆరు ఉండాలి. లేకపోతే పర్మిట్, దాని కోసం వరసలో నిలబడ్డ తొమ్మిది వేల మందిలో ముందున్నవాళ్ళకు పోతుంది, బండి మ్యూజియం షెడ్డుకు పోతుంది. రూలు నాకు గుర్తు చేయక్కర్లేదు. సంతోషం లేనివాళ్ళు చేత్తో నడపడం ఎందుకు, తానుబండి ఎక్కొచ్చు కదా అని మీ వాదన. న్యాయమే. కానీ సంతోషపడకపోతే బండి పోతుందని తెలిసి సంతోషపడటం ఎంత కష్టమో ఆ రూలు రాసినాయన ఒకసారి కడియం కట్టుకుని చూడాలి.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఏం జరిగిందో చెబుతాను. మలుపు బాగానే తిరిగింది. టర్బో ఈల వేసింది. ఆ ఈల నాకు మొదటిసారి పీలగా వినిపించింది. వకుళ బండి నాకంటే ఐదు నిమిషాల ముందు గేటు దాటుతుంది, దాని రొద కొండ అవతలి నుంచి వస్తోంది. దాని ముందు నాది చంటిపిల్ల ఏడుపులా ఉంది.

పరుగు 4
అంకె 5.6. రెండో కిలోమీటరు.
కారణం: తెల్లారి ఎండ.
సాక్షి: వకుళ.

వెనక పేజీ:
రెండో కిలోమీటరు. అంటే గేటు దాటిన రెండు నిమిషాలకే నా సంతోషం అయిపోయింది. మిగిలిన నలభై కిలోమీటర్లు ఊరికే తిరిగాను.

దస్తగిరి మామ షెడ్డుకు పోయాను. చేతి బండ్లను విప్పడం తెలిసిన ముసలాయన ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. చేతిలో గ్రీజు గుడ్డతోనే మాట్లాడతాడు.

"వకుళకు వేసినావే, అంతకంటే పెద్దది కావాల నాకు" అన్నాను.

ఆయన నా ఎర్ర బండి బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "టర్బో అంటే ఏందనుకున్నావు మ్మా. ఇంజన్ వదిలేసిన పొగే ఒక చక్రాన్ని తిప్పుతాది. ఆ చక్రం ఇంకింత గాలిని ఇంజన్లోకి దొబ్బుతాది. సిన్న చక్రమైతే ఊదంగానే తిరుగుతాది. పెద్దదైతే తిరగనీకె టైం పడతాది, తిరిగినాక మాత్రం ఆపేదానికి పట్టుబడదు. నీకు ఇష్టం మలుపులు. మలుపులో కాలు పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటా కూసుంటావా?"

"వకుళకు లేని కష్టం నాకేంటికి?"

"వకుళకు తిన్న రోడ్డు ఇష్టం."

"నాకూ ఇష్టమే" అన్నాను. అబద్ధం. తిన్న రోడ్డు మీద నాకు నిద్రొస్తుంది.

మామ బానెట్ దించాడు. తుక్కులో ఒకటి ఉంది, శుభ్రం చేసి వేస్తానన్నాడు. దానికి తగ్గట్టు గాలి చల్లబరిచే డబ్బా, క్లచ్ కూడా మార్చాలన్నాడు. మార్చమన్నాను. ఇంట్లో సుదర్శనం మాత్రం అన్నం కలుపుతూ ఒక మాట అన్నాడు.

"సరదా కోసం మారుస్తాండావా, వకుళ కోసం మారుస్తాండావా?"

"పెరుగు వేసుకో" అన్నాను.

పరుగు 5
అంకె 8.3. ముప్పై ఒకటో కిలోమీటరు.
కారణం: కొత్త టర్బో. వకుళ దానికంటే పెద్దది.
సాక్షి: వకుళ. (అక్క నవ్వు గేటు దాకా వినపడింది. నాకు భలే సంతోషంగా ఉంది మేడమ్.)

వెనక పేజీ:
టర్బో మారిస్తే బండి నడపడంలో సరదా పెరుగుతుందా అని ఎవరైనా అడిగితే, ఈ రోజుకు నా జవాబు పెరుగుతుందనే. తిన్న రోడ్డు మీద మూడో గేర్లో కాలు పూర్తిగా దింపాను. మొదట ఏమీ లేదు. మోసపోయాననుకునేలోపు వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది. తల వెనక్కి పోయింది, నోట్లోంచి ఏదో కూత వచ్చింది. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని కూత వేశాను.

తర్వాత వకుళ పుస్తకం తెరిచాను. ఆమెకు 9.3. 

8.3 ఎంత పెద్ద అంకో అప్పటిదాకా తెలుసు. చూశాక తెలియకుండా పోయింది.

పరుగు 6
అంకె 6.6. ముప్పై ఒకటో కిలోమీటరు.
కారణం: టర్బో.
సాక్షి: వకుళ.

వెనక పేజీ:
రెండోసారికి ఆ తోపు తెలిసిపోయింది. వస్తుందని తెలిసి వచ్చింది. అంతే.

పరుగు 7
అంకె 5.2. నాలుగో కిలోమీటరు.
కారణం: రోడ్డు ఖాళీగా ఉంది.
సాక్షి: వకుళ. (అక్క ఈ మధ్య సరిగ్గా తినడం లేదు. రాయొచ్చో లేదో తెలియదు.)

వెనక పేజీ:
నా మలుపు పాడైపోయింది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర బండిని తిప్పి, మధ్యలో కాలు నొక్కాను. ఏమీ రాలేదు. పన్నెండేళ్ళుగా నొక్కంగానే పలికిన బండి మూగదైంది. మలుపు అయిపోయాక, ముందుకు పోనక్కర్లేని చోట, ఉన్నట్టుండి తోసింది. ముందు చక్రాలు జారాయి. బ్రేకు మీద నిలబడ్డాను. పిట్టగోడకు జానెడు దూరం.

బండిలో మార్పు చేస్తే నింపాల్సిన మీ పచ్చ ఫారం కూడా ఈ వారమే వచ్చింది. "మార్పు వల్ల సంతోషం పెరిగినదా? అవును / కాదు." మేడమ్, ఆ ఫారం తయారు చేసినవాళ్ళు ఇంకో గడి పెట్టాల్సింది, "ఎవరితో పోలిస్తే" అని. అవును మీద టిక్కు పెట్టి పంపాను. కాదు అని పెడితే దస్తగిరి మామ దగ్గర తలెత్తుకోలేను.

పాత టర్బో మళ్ళీ వేయించుకోవచ్చు కదా అంటారు. మామ దాన్ని శుభ్రంగా తుడిచి గుడ్డలో చుట్టి అరలో పెట్టాడు, నేను అడుగుతానని. అడగను. వకుళ పెద్దదాంతో తొమ్మిది తెచ్చుకుంటుంటే నేను చిన్నదానికి దిగడమా?

పరుగు 8
అంకె 4.9. ఒకటో కిలోమీటరు.
కారణం: బయల్దేరడం.
సాక్షి: వకుళ.

పరుగు 9
అంకె 4.7. నలభై రెండో కిలోమీటరు.
కారణం: ఇల్లు చేరడం.
సాక్షి: వకుళ. (మేడమ్, అక్కకు హెచ్చరిక కాగితం పంపారట. అక్క పన్నెండేళ్ళుగా నడుపుతోంది. కొంచెం చూడండి.)

వెనక పేజీ:
మీ హెచ్చరిక అందింది. మిగిలిన మూడు పరుగుల్లో సగటు ఆరుకు తేలేకపోతే బండి అప్పగించాలన్నారు. కాగితం సుదర్శనానికి చూపించలేదు. వకుళ పోస్టు తీసుకుంటూ చూసేసింది. చూసి మీకు సిఫారసు రాసింది, పైన చదివే ఉంటారు. నా మీద జాలిపడింది మేడమ్. అసూయ అయినా భరించొచ్చు కానీ, అసూయపడే మనిషే మన మీద జాలి చూపిస్తే ఏం చేయాలి?

మిరపకాయలు ఎత్తడానికి వచ్చింది. ఊరికే ఉండదు.

"అక్కా, ఒక పని జేద్దాం. ఈ వారం బండ్లు మార్సుకుందాం. నాది నువ్వు తీస్కపో, నీది నాకియ్యి. రెండు పర్మిట్లూ ఉంటే రూలు ఒప్పుకుంటాది. నా బండిలో నీకు అంకె వస్తాదేమో సూద్దాం."

నాకు కావాల్సింది అదేనని ఆమెకు తెలియదు. వకుళ బండిలోనే ఏదో ఉంది, దస్తగిరి మామ ఆమెకేదో ప్రత్యేకంగా బిగించి నాకు తుక్కు అంటగట్టాడని నెల రోజులుగా నా అనుమానం. సరేనన్నాను.

పరుగు 10 (వకుళ బండిలో)
అంకె 4.6. ముప్పై ఒకటో కిలోమీటరు.
కారణం: మంచి బండి.
సాక్షి: వకుళ.

వెనక పేజీ:
వకుళ బండిలో వకుళ సీటును జరిపి, వకుళ అద్దాన్ని తిప్పుకుని నడిపాను. తోపు బాగానే ఉంది, నాదాని కంటే తొందరగానే వచ్చింది. నేను మాత్రం దారి పొడవునా నా ఎర్ర బండి రొద వింటూ ఉన్నాను. ఎక్కడ కాలు పెడుతోంది, ఎక్కడ తీస్తోంది అని.

తర్వాత ఆమె పుస్తకం. 9.1. పద్నాలుగో కిలోమీటరు.

నా మలుపు. నా బండి. నన్ను పిట్టగోడ మీదికి తోసిన ఆ టర్బోతోనే. కారణం గడిలో ఇలా ఉంది: "అక్క బండిలో గాలి కోసం ఎదురుచూడాలి. మలుపు మధ్యలో, వస్తుందా రాదా అని. ఆ ఎదురుచూడటమే బాగుంది. వచ్చాక ఇంకా బాగుంది."

సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. చేయి నొప్పని చెప్పాను.

దస్తగిరి మామ దగ్గరికి పోయి, బండిలో తేడా ఏముందో చెప్పమని గట్టిగా అడిగాను. ఆయన నా బానెట్ కూడా ఎత్తలేదు.

"బండిలో ఏమీ లేదు మ్మా. ఉంటే ఎప్పుడో తీసేద్దును."

పరుగు 11
అంకె 4.0. కిలోమీటరు నమోదు కాలేదు.
కారణం: లేదు.
సాక్షి: వకుళ. (అక్క "లేదు" అని రాసింది, నేను వద్దన్నాను, వినలేదు.)

వెనక పేజీ:
లెక్క వేశాను. ఆఖరి పరుగులో 8.7 రావాలి. నాలుగు వచ్చే మనిషికి తొమ్మిది ఎక్కడి నుంచి వస్తుంది? సుదర్శనానికి చెప్పేశాను. ఆయన బయటికి పోయి బండి మీద చేయి వేసి కాసేపు నిలబడి వచ్చాడు. "పోతే పోనీలే, ఆదివారం ఇద్దరం తానుబండిలో యాడికన్నా పోదాం" అన్నాడు.

నేను ఏడ్చాను మేడమ్. మా నాన్న పక్క సీట్లో కూర్చుని నాకు గేర్లు నేర్పిన బండి అది. మ్యూజియం షెడ్డులో చక్రాల కింద దిమ్మెలు పెట్టి, ముందు తాడు కట్టి, పిల్లలకు చూపిస్తారు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. వకుళ బండి మాత్రం పోదు. వకుళకు తొమ్మిది వస్తూనే ఉంటుంది. ఈ రెండింట్లో ఏది నన్ను ఎక్కువ బాధపెడుతోందో నిజంగా నాకు తెలియదు.

పరుగు 12
అంకె 9.0. ఇరవై ఏడో కిలోమీటరు.

కారణం:
ఇది వెనక పేజీ కాదు. ముందు పేజీయే. గడి చాలదని కాగితాలు గుచ్చి ముందు వైపే రాస్తున్నాను, సాక్షి చదవాలి కాబట్టి. మధ్యాహ్నం మూడయింది. వకుళ ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. రాయడం అయ్యేదాకా ఆగమన్నాను, ఆగింది.

జరిగింది ఇది. ఎప్పటిలాగే వకుళ నాకంటే ఐదు నిమిషాల ముందు గేటు దాటింది. నేను పద్నాలుగో కిలోమీటరు దాటాను, ఏమీ లేదు. ఇరవై దాటాను, ఏమీ లేదు. అద్దంలో నా ముఖం చూసుకుంటే సంతాప సభకు పోతున్నట్టుంది. ఇరవై ఆరు దాటాక ముందు నీలం పొగ కనిపించింది. దగ్గరయ్యేకొద్దీ తెలిసింది, వకుళ బండి. రోడ్డు పక్కన వాలి ఉంది, బానెట్ పైకెత్తి ఉంది, కింద నూనె మడుగు. టర్బో పేలిపోయింది. వకుళ ఎండలో రోడ్డు అంచున నిలబడి నా వైపు చేయి ఊపుతోంది, రెండు చేతులూ ఎత్తి.

చేతి రోడ్డు మీద మా అందరికీ ఒక అలవాటు ఉంది. ఆఫీసు రూలు కాదు, ఎవరూ రాసిపెట్టలేదు. ఆగిపోయిన బండి కనిపిస్తే వెనక వచ్చేవాళ్ళు ఆగాలి. ఆగితే పరుగు లెక్కలోకి రాదు, అయినా ఆగుతారు. పన్నెండేళ్ళలో నేను నాలుగు సార్లు ఆగాను. నా కోసం ముగ్గురు ఆగారు.

నేను ఆగలేదు.

పర్మిట్ కోసం ఆగలేదని చెప్పుకోవచ్చు. ఆగితే పన్నెండో పరుగు పోతుంది, బండి పోతుంది, కాబట్టి రాయి లాంటి మనసు చేసుకుని పోయానని చెబితే ఎవరైనా నమ్ముతారు. కానీ కడియం అలా చెప్పడం లేదు. దుఃఖంతో పోయిన మనిషికి 9.0 రాదు. ఆ పొగ కనిపించిన క్షణం నుంచి నా లోపల ఏదో విచ్చుకుంది. ఇప్పుడు తెలిసిందా, నీ పెద్ద టర్బో, నీ తొమ్మిదులు, అనుకున్నాను. కాలు కిందికి దింపాను. సరిగ్గా ఆమె పక్కన దాటుతున్నప్పుడే గాలి వచ్చి బండిని తోసింది, నేను నవ్వాను. పన్నెండేళ్ళలో నాకెప్పుడూ తొమ్మిది రాలేదు మేడమ్. ఈ రోజు వచ్చింది.

గేటు దగ్గర కాగితం చీటీ చేతికొచ్చాక అంకె చూశాను, కిలోమీటరు చూశాను, అప్పుడు నవ్వు పోయింది. సగటు లెక్క వేశాను. ఆరు దాటింది. పర్మిట్ నిలబడింది. కానీ కారణం గడి నింపాలి. ఇంటికొచ్చి "రోడ్డు బాగుంది" అని రాద్దామని కలం తీశాను. రాసి ఉంటే వకుళ సంతకం పెట్టేది. నేనేం రాసినా ఆమె నమ్మి సంతకం పెడుతుంది.

ఆమెను రెండు గంటలకు మీ ఆఫీసు లాగుడు బండి తెచ్చి దించింది. ముఖమంతా ఎండకు కమిలి ఎర్రగా ఉంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, తిడుతుందని. వచ్చి చెంబెడు నీళ్ళు తాగి అడిగిన మొదటి మాట:

"ఎంత వచ్చిందక్కా?"

"తొమ్మిది" అన్నాను.

ఆమె చాప మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నిలబడిందా అయితే. బండి పోదు గదా" అంది.

"పోదు."

"నువ్వు ఆగుతావేమో అని నా పానం పోయింది అక్కా. ఆగితివా, అంతా అయిపోతుండె. అందుకే రెండు చేతులూ ఎత్తి పో, పో అని ఊపినా. నువ్వు ఆగకుండా పోతాంటే ఎంత సంతోషపడినానో."

తన పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. ఆ లాగుడు బండిలో కూర్చునే రాసుకొచ్చిందట. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"పరుగు పూర్తి కాలేదు, లెక్కలోకి రాదని తెలుసు. అయినా కడియం అంకె ఇచ్చింది. 9.6. ఇరవై ఏడో కిలోమీటరు. బండి ఆగిపోయి ఉంది. కారణం: అక్క ఆగలేదు. నవ్వుతూ పోయింది. అక్క నవ్వి చాలా రోజులయింది."

దాని కింద నేను సంతకం పెట్టాను. రాసింది నిజమేనని సాక్షిగా నా సంతకం ఉంది. అది అయ్యాక ఈ గడిలో "రోడ్డు బాగుంది" అని రాసి, దాని కింద ఆమె చేత సంతకం పెట్టించడం నా వల్ల కాలేదు.

కాబట్టి వకుళా, ఇది నీకు. నువ్వు పొమ్మని ఊపుతున్నావని నాకు తెలియదు. సాయం కోసం పిలుస్తున్నావనుకున్నాను. పిలుస్తున్నావనుకునే పోయాను. నీ బండి పాడైందని నవ్వాను. ఈ మూడు నెలలు నీ ప్రతి అంకె చూసి కుళ్ళిపోయాను, అవన్నీ వెనక పేజీల్లో మడిచి అంటించి మేడమ్‌కు రాశాను, నీకు ఒక్క ముక్క తెలియనివ్వలేదు. టర్బో మార్చింది కూడా సరదా కోసం కాదు, నిన్ను దాటడానికి. ఈ రోజు దాటాను. నువ్వు ఆగిపోయి ఉంటే దాటాను.

సంతకం లేకపోతే ఈ పరుగు చెల్లదు. చదివాక పెట్టాలనిపిస్తేనే పెట్టు.

సాక్షి: పూర్తిగా చదివాను. రాసింది నిజమే కాబట్టి సంతకం పెడుతున్నాను. వచ్చే పుస్తకానికి మందాకిని గారు వేరే సాక్షిని చూసుకోగలరు.
వకుళ, పర్మిట్ నం. 64.